మా ఇంట్ల శాన పాడిండ్రు

మే నెల రాగానే వనపర్తి లాంటి ఊళ్ళలో కూడా ఇప్పుడు వేసవి సంగీత శిబిరాల ఫ్లెక్సీలు కనిపిస్తున్నాయి. ఆరేళ్ళ నుంచి పదేళ్ళ వరకు పిల్లలు, పొద్దున ఏడున్నర నుంచి పదకొండు దాకా, పదిహేను రోజులు. ఎండ ముదరకముందే పిల్లల్ని ఇళ్ళకు చేర్చాలి గనక ఆ వేళలు. ఒక బడి హాలు, రెండు ఫ్యాన్లు, హార్మోనియం, శ్రుతిపెట్టె, మధ్యలో మజ్జిగ, పల్లీపట్టీ. మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలవుతుంది. ఆ తర్వాత రెండు భక్తి పాటలు, ఒక దేశభక్తి గీతం, ఒక జానపదం. ఆఖరి రోజు సాయంత్రం ప్రదర్శన, అతిథులు, సర్టిఫికెట్లు.

ఇంత అమాయకమైన వ్యవహారంలో నైతిక ప్రశ్న ఏముంటుందని ఎవరైనా అడగొచ్చు. పిల్లలు పాడుకోవడం మంచిదేనన్నది మనం వాదన అవసరం లేకుండానే ఒప్పేసుకునే విషయాల్లో ఒకటి. ప్లేటో మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేదు. 'రిపబ్లిక్'లో ఏడుపు బాణీలు పిల్లల చెవిన పడకూడదన్నాడు. ఆయన బెంగంతా ఏ బాణీ పిల్లల్ని ఎలాంటి మనుషులుగా తయారుచేస్తుందన్నదాని చుట్టూ ఉంది. పాలమూరు ఆడవాళ్ళ ప్రశ్న అది కాదు. ఆ ప్రశ్న నాకు ఒక తల్లి నోట వినబడింది.

అలాంటి ఒక శిబిరంలో నేను సాయం చేస్తున్న రోజులవి. ఫీజు లేదు, అయినా వాడల నుంచి పిల్లలు రావడం లేదని నలుగురం కలిసి ఇంటింటికీ తిరిగాం. ఒక ఇంటి ముందు ఎనిమిదేళ్ళ పిల్ల బిందె పక్కన కూచుని ఏదో కూనిరాగం తీస్తోంది. సన్నటి గొంతు, కానీ శ్రుతి తప్పని గొంతు. ఈ పిల్లను పంపమ్మా అని అడిగాం. ఆ తల్లి నవ్వలేదు, కోప్పడలేదు. "పాట వద్దు టీచరమ్మా. లెక్కలు చెప్పుండ్రి, ఇంగ్లీషు చెప్పుండ్రి, పంపిస్త. పాట మా ఇంట్ల శాన పాడిండ్రు" అంది.

తిరుగుదారిలో మాలో ఒకరు ఇది వెనకబాటుతనమేనన్నారు. ఆడపిల్ల గొంతు తల్లే నొక్కేస్తోంది చూడండి అన్నారు. స్త్రీవాద భాష మనకు ఎంత అలవాటైపోయిందో, ఎంత తొందరగా దాన్ని ఎదుటి ఆడదాని మీదే వాడేస్తామో! ఆ ఇంటి ముసలమ్మ జోగిని అని మర్నాడు తెలిసింది.

ఈ పత్రిక చదివేవాళ్ళకు జోగినీ వ్యవస్థ గురించి మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. ఎక్కువగా మాల, మాదిగ ఇళ్ళ ఆడపిల్లల్ని, సాధారణంగా పెద్దమనిషి కాకముందే, ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేసేవాళ్ళు. దేవత పేరు చెప్పి ఊళ్ళో మగవాళ్ళకు అప్పజెప్పడమే అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మహబూబ్‌నగర్ జిల్లా పేరు ఈ విషయంలో వినబడుతూనే వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరువేరు పేర్లయ్యాయి, కానీ ఈ ఇళ్ళ జ్ఞాపకాలను కలెక్టరేట్ల వారీగా పంచలేం కదా. మనం ఎక్కువగా మాట్లాడేది జోగినీల లైంగిక దోపిడీ గురించి. వాళ్ళ పని గురించి మాట్లాడేది తక్కువ. జాతరలో ఆడాలి, పాడాలి. శవం లేస్తే పాడె ముందు ఆడాలి. ఊరు పిలిస్తే రాను అనే హక్కు లేదు. అంటే ఆ ఇంట్లో పాట ఒక వెట్టి. డప్పు వెట్టి అయినట్టే, చెప్పులు కుట్టివ్వడం వెట్టి అయినట్టే.

కాబట్టి ఆ తల్లి మాటలో ఉన్నది సంగీతం పట్ల అయిష్టం కాదు. ఆరేళ్ళ నుంచి పదేళ్ళు అని మన ఫ్లెక్సీ మీద ఉన్న వయసు ఇంచుమించు ఆడపిల్లను దేవతకు ఇచ్చిన వయసే. ఆ వయసు పిల్ల, కొత్త బట్టలు, పూలు, పాట, కుర్చీల్లో ఊరి పెద్దలు. మనకు ఇది వార్షికోత్సవంలా కనబడుతుంది. ఆమెకు ఎలా కనబడుతుందో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

ఇక్కడ తమిళనాడు దాకా వెళ్ళి రావాలి, ఎందుకంటే మనం హార్మోనియం ముందు కూచోబెట్టి నేర్పే సరళీ స్వరాల చరిత్ర ఈ తల్లి మాటకు దూరమేమీ కాదు. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మను మనం బాగానే గుర్తుపెట్టుకున్నాం. ఆ పుస్తకం మీద నిషేధం, 1947 దాకా అది తొలగకపోవడం, సూసీ తారు, కె. లలిత తమ సంకలనంలో ఆ కథ తిరిగి చెప్పడం, ఇవన్నీ తెలుగు స్త్రీవాదానికి పురాణ కథల్లా అయ్యాయి. ఆమె రెండో యుద్ధం గురించి మన పేజీల్లో తక్కువగా వచ్చింది. తిరువయ్యూరులో త్యాగరాజు సమాధికి తన సొంత డబ్బుతో గుడి కట్టించిన మనిషికి, ఆరాధనలో పాడే చోటు లేదు. ఆడవాళ్ళు పాడకూడదు. అందుకని ఆమె ఆడవాళ్ళను కూడగట్టి వేరే ఆరాధన జరిపింది. 1940ల మొదట్లో గాని అన్ని వర్గాలూ ఒకటి కాలేదు.

ఆ దశాబ్దాల్లోనే దేవదాసీ నిషేధ చట్టం కోసం ముత్తులక్ష్మి రెడ్డి పోరాడింది. ఆమె తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచే వచ్చింది. నాగరత్నమ్మ లాంటివాళ్ళు, దేవదాసీల సంఘాలు ఆ ప్రయత్నాన్ని ఎదిరించారు. మా మాన్యాలు, మా విద్య పోతాయన్నారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం రావాల్సిందే, దాని మీద నాకు రెండో ఆలోచన లేదు. కానీ చట్టం వచ్చేలోగా, వచ్చాక జరిగింది చూడండి: పాట ఆ ఇళ్ళ నుంచి లేచి 'కుటుంబ స్త్రీల' ఇళ్ళకు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు శుభ్రపడింది. పదాలు పోయాయి, భక్తి మిగిలింది. పెళ్ళిచూపుల్లో పాడగలిగే విద్య అయింది. ఎవరి ఇంట్లో పాట అవమానానికి గుర్తో వాళ్ళు మానేశారు. ఆ అవమానం అంటని ఇళ్ళ ఆడపిల్లలు నేర్చుకున్నారు. ఆ తర్వాత, ఇది అందరిదీ, రండి నేర్పుతాం అని మొదటివాళ్ళనే మనం పిలుస్తున్నాం. ఆ తల్లికి ఈ చరిత్ర పేర్లతో తెలియదు. కానీ ముత్తులక్ష్మి, నాగరత్నమ్మ ఇద్దరూ తమ బతుకుల్లోంచి చెప్పిన రెండు మాటలూ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. తల్లి వద్దంటోంది, పిల్ల పాడుతోంది. ఇద్దరిలో ఎవరు తప్పు?

నేను ఇద్దరి వైపూ ఉండగలను అనుకుంటాను, ఒక షరతు మీద. ఆ షరతు చెప్పే ముందు కిన్నెర సంగతి.

వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో శిబిరం పెడితే 'మన వారసత్వం' అని ఎవరో ఒకరు కిన్నెర ప్రస్తావన తెస్తారు. వెదురు కర్రకు ఎండు సొరకాయ బుర్రలు, కర్ర మీద మెట్లు, తీగలు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య లింగాల మండలం అవుసలికుంట మనిషి. పండుగ సాయన్న కథ లాంటివి ఆయన గొంతులో నిలిచి ఉన్నాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది, అంతకు కాస్త ముందే సినిమా పాటతో పేరు ఊరూరా మోగింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో ఇళ్ళు కట్టే చోట దినకూలీగా పనిచేస్తున్నాడని పత్రికలు ఫొటోలతో రాశాయి. రెండేళ్ళు దాటాయో లేదో అనుకుంటూ మనం ఆ ఫొటో చూసి బాధపడ్డాం.

కిన్నెర డక్కలివాళ్ళది. మాదిగల మీద ఆధారపడి, వాళ్ళ పురాణం వాళ్ళకు చెప్పి, వాళ్ళిచ్చింది తీసుకుని బతికిన కులం. అంటరానివాళ్ళ ఇంటి ముందు కూడా దూరంగా నిలబడ్డవాళ్ళు. అలాంటి వాద్యాన్ని చార్టు మీద బొమ్మగా అంటించి, 'ఇది మన కిన్నెర' అని పిల్లల చేత పలికించడంలో ఆ 'మన' ఎంత సులువుగా వస్తుందో. పక్కనే డక్కలి పిల్ల కూచుంటే ఆ పిల్లకు ఆ 'మన'లో చోటు ఎక్కడ? తాత భిక్షకు తీసుకెళ్ళిన వస్తువు, క్లాసులో చప్పట్లు కొట్టే వస్తువుగా మారితే గౌరవమా, ఇంకో రకం సిగ్గా? రెండూ కావచ్చు. కిన్నెర చేతపట్టినవాళ్ళని మనం పేరుపేరునా చెప్పుకునేవాళ్ళంతా మగవాళ్ళేనన్నది ఇంకో సంగతి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఏం పాడేవాళ్ళో అడిగి రాసుకున్న పుస్తకం నా చేతికి ఇంతవరకు రాలేదు. పరిశోధక విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, పని ఉంది.

ఇక ఆ షరతు. శిబిరంలో నాకు చిక్కుగా తోచేది పాట కాదు, ఆఖరి రోజు ప్రదర్శన. మొదటి పది రోజులు పిల్లలు తప్పులు పాడతారు, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతారు, జంట స్వరాల్లో ఊపిరి చాలక మధ్యలో ఆగిపోతారు. పదకొండో రోజు నుంచి పరిస్థితి మారుతుంది. బాగా పాడేవాళ్ళు ముందు వరసకు వస్తారు. 'బాగా' అన్నమాటలోకి ఎర్రగా ఉండటం, జడ పొడుగ్గా ఉండటం, పట్టు పరికిణీ ఉండటం మెల్లగా చేరిపోతాయి. ఆడపిల్లలకు చేతులు ఎలా పెట్టుకోవాలో, ఎలా నవ్వాలో చెబుతారు. మగపిల్లలకు గట్టిగా పాడరా అంటారు, అంతే. ఆరేళ్ళ వయసులో ఆడపిల్ల గొంతుకూ మగపిల్లవాడి గొంతుకూ తేడా దాదాపు ఉండదు, ఇద్దరూ ఒకే శ్రుతిలో హాయిగా పాడతారు. తేడా మనం పెడతాం, అదీ ఆ నాలుగు రోజుల్లోనే.

ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసంలో ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించి రాసింది. చెయ్యి మొత్తం చాచి ఎందుకు విసరరు? బలం లేక కాదు. తన ఒంటిని పని చేసే ఒళ్ళుగా కాక ఎవరో చూసే వస్తువుగా కూడా మోస్తుంది కాబట్టి. గొంతు విషయంలో కూడా ఇదే జరుగుతుందని నా నమ్మకం. పదో రోజు దాకా కడుపులోంచి వచ్చిన గొంతు, వేదిక అన్న మాట వినగానే ముక్కులోకి జారిపోతుంది. పక్కనున్న పిల్ల వినడానికి కాక అతిథి చూడటానికి పాడుతున్నానని ఆ పిల్లకు అర్థమైపోతుంది.

ఇది ఆధునిక శిబిరాల తప్పనిసరి లక్షణమేమీ కాదు. తెలుగులో పిల్లల కోసం ఇలాంటి పని మొదట పెద్ద ఎత్తున చేసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను గుర్తుచేసుకోండి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. 1940లో బాలానంద సంఘం మొదలైంది. వాళ్ళు వేదికల మీద కూడా పిల్లల చేత ఆడించారు, పాడించారు, కాదనను. కానీ ఒక తరానికి వాళ్ళు ఇచ్చింది రేడియో. మైకు ముందు నిలబడ్డ పిల్ల ఏ రంగు గౌను వేసుకుందో ఎవరికీ తెలియదు. ఇంటి పేరు వినబడి కులం తెలిసిపోవచ్చు, ఆ మాట నిజమే. కానీ ముందు గొంతు వచ్చేది, మనిషి తర్వాత. ఫోనుల్లో వీడియోలు తీసి ఆ సాయంత్రమే స్టేటస్‌లో పెట్టుకునే ఈ కాలంలో ఆ క్రమం పూర్తిగా తిరగబడింది.

ప్రదర్శన వద్దంటే వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. దాతలు డబ్బివ్వరు. తల్లిదండ్రులు పదిహేను రోజులు ఏం నేర్పారని అడుగుతారు. ఇవి చిన్న అభ్యంతరాలు. పెద్దది వేరే ఉంది, అది మన మిత్రుల నుంచే వస్తుంది. దళిత ఆడపిల్లకు మైకు దొరికేదే తక్కువ, దాన్ని కూడా తీసేస్తారా? ఈ నేల మీద పాట వేదికెక్కే కదా మనుషుల్ని కదిలించింది? గోరటి వెంకన్న తెలకపల్లి మండలం గౌరారం నుంచే కదా వచ్చాడు? విమలక్క గజ్జె కట్టి వేదిక మీదే కదా పాడింది? నిజం. భువనగిరి బెల్లి లలితను 1999లో చంపేశారంటే ఆమె పాట వేదిక మీద ఎంత పని చేసిందో అర్థమవుతుంది. అయితే వాళ్ళెవరూ ఎనిమిదేళ్ళ పిల్లలు కారు. ఏం పాడాలో, ఎవరి ముందు పాడాలో వాళ్ళే తేల్చుకున్నారు, ఖరీదు కూడా తెలిసే తేల్చుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల విషయంలో తేల్చేది మనం, చప్పట్లు కొట్టేదీ మనమే. పెద్దయ్యాక వేదికెక్కాలంటే చిన్నప్పుడే అలవాటు కావాలని అంటారు. వేదిక అలవాటు చేస్తే వేదికే అలవాటవుతుంది. గొంతు విప్పడం అలవాటు చేయడం దానికంటే కష్టమైన పని, అందుకే మనం మొదటిదానికి మొగ్గుతాం.

పిల్లలు వేదిక కావాలనే అడుగుతారు, మారాం చేస్తారు. నిజమే, చాక్లెట్లు కూడా అడుగుతారు.

చూసేవాళ్ళు లేకుండా పాడే పద్ధతి మనకు కొత్తదా? బొడ్డెమ్మ ఉంది కదా. భాద్రపదంలో, బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు, పెళ్ళికాని ఆడపిల్లలు ఎర్రమట్టితో మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, సాయంత్రాలు చుట్టూ తిరుగుతూ పాడతారు. ఒక పిల్ల ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. చిన్నపిల్లలు పదాలు రాకపోయినా చప్పట్లతో తిరిగి తిరిగి నేర్చేసుకుంటారు. చుట్టూ తిరిగేవాళ్ళే గాని ఎదురుగా కూచునేవాళ్ళు ఉండరు. వలయంలో ముందు వరస ఉండదు. ఆఖరి రోజు బొడ్డెమ్మను నిద్రపుచ్చి నీళ్ళలో కలుపుతారు, సర్టిఫికెట్ ఇవ్వరు. నాకు తెలిసినంతలో ఆడపిల్లల సంగీత శిబిరం అంటే అదే.

అలాగని బొడ్డెమ్మను స్వర్గంగా చూపించబోవడం లేదు. వాడ వాడకూ వలయం వేరు. ఏ కులం పిల్లలు ఏ వలయంలో తిరుగుతారో ఆ వయసుకే తెలిసిపోతుంది. ముందున్నదంతా మంచి మొగుడి కోసమే అన్న పాఠం ఆ పాటల్లోనే ఉంటుంది. అసలు ఆ వలయంలోకి రాగలిగే పిల్లలు ఎందరు? గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో క్రాసింగు పని నడిచేది ఆ రోజుల్లోనే. సాయంత్రం పూట మొగ్గలు విప్పి పుప్పొడి భాగాన్ని తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. చిన్న వేళ్ళయితే సున్నితంగా చేస్తాయని చెప్పి ఆడపిల్లల్ని పెట్టుకోవడం అక్కడి మాట. అసలు కారణం కూలి తక్కువ. బొడ్డెమ్మ పాటల వేళా, మొగ్గలు విప్పే వేళా ఒకటే. ఎండాకాలం శిబిరం పెట్టినప్పుడు వచ్చే పిల్లల్నే లెక్కపెట్టుకుంటాం గాని, ఆ పిల్ల మిగతా ఏడాది ఎక్కడుంటుందో మన హాజరు పట్టికలో ఉండదు. అమ్మానాన్నలు వలస పోతే అవ్వ దగ్గర ఉన్న పిల్లలు, తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చే పిల్లలు, వీళ్ళకు సరళీ స్వరాల కంటే ముందు తమ్ముణ్ణి ఎక్కడ కూచోబెట్టాలన్నది సమస్య.

వనపర్తి అంటే గుర్తొచ్చే ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. వనపర్తి సంస్థానపు కోడలు శాంతా రామేశ్వరరావు రచయిత్రి. 1976లో వచ్చిన 'చిల్డ్రన్ ఆఫ్ గాడ్' నవలను ఒక దళిత తల్లి గొంతుతో చెప్పింది. 1961లో హైదరాబాద్‌లో విద్యారణ్య బడి పెట్టింది. పోటీ, ర్యాంకుల గొడవ లేకుండా పిల్లలు చదువుకోవచ్చన్న ఆలోచనతో పేరు తెచ్చుకున్న బడి అది. వనపర్తి కోట పాలిటెక్నిక్ కాలేజీ అయింది, ఇక్కడి మగపిల్లలకు డిప్లొమాలు ఇచ్చింది, తర్వాత తర్వాత ఆడపిల్లలకు కూడా. పోటీ లేని బాల్యం మాత్రం రాజధానిలో దొరికింది. ఇది ఆమెను తప్పుపట్టడం కాదు, ఆమె చేసిన పని చాలామంది రాణులు చేయలేదు. ర్యాంకులు లేకుండా లెక్కలు నేర్పవచ్చని అరవై ఏళ్ళ కిందటే ఒకరు చూపించాక, ప్రదర్శన లేకుండా పాట నేర్పలేమా అన్నదే నా అనుమానం.

ఆ తల్లి మాటకు మనం ఇవ్వగల జవాబు కూడా అక్కడే ఉంది. ఆమెను ఒప్పించడం మన పని కాదు. కళ గొప్పదనం గురించి ఆమెకు ఉపన్యాసం ఇవ్వడం అంతకన్నా కాదు. తన తల్లి పాటను ఎవరు విన్నారో, విన్నాక ఏం చేశారో ఆమెకు తెలుసు. మనం చెప్పగలిగితే ఇలాంటి సంగతులు చెప్పాలి: తలుపులు తీసే ఉంటాయి, ఎప్పుడైనా వచ్చి కూచోవచ్చు. ఫొటోలు తీయం. వేదిక లేదు, అతిథులు లేరు. పిల్ల పాడకుండా ఊరికే కూచున్నా పరవాలేదు, లెక్కలూ చెబుతాం. పదకొండింటికల్లా ఇంట్లో ఉంటుంది. ఇవన్నీ విని కూడా ఆమె వద్దంటే, వద్దు. పిల్ల పాట బిందె పక్కన సాగుతూనే ఉంది, మన శిబిరం వచ్చి దాన్ని మొదలుపెట్టలేదు. పిల్ల కోరికకు విలువ లేదా అంటే, ఉంది. కానీ ఆ కోరికను తల్లి మీద ఆయుధంగా వాడే హక్కు పదిహేను రోజులకు వచ్చిపోయే మనకు లేదు.

శిబిరం దరఖాస్తు ఫారంలో ఇంకో చిక్కు ఉంది. పేరు, తరగతి, ఆ వెంటనే తండ్రి పేరు. జోగినీల పిల్లలు బడిలో చేరినప్పుడల్లా ఆ గడి దగ్గర ఆగిపోయారు. ఆ గడి కోసం ఈ జిల్లాల్లో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. సంగీతం నేర్పడానికి తండ్రి పేరుతో పనేమిటి? అది కొట్టేసి, ఆ చోట 'పదకొండింటికి ఇంటికి తీసుకుపోవడానికి ఎవరు వస్తారు' అని రాసుకోవచ్చు. అవ్వ అని రాసేవాళ్ళు ఎక్కువే ఉంటారు.